హెల్త్ ఇన్ఫర్మేటిక్స్‌లో మాస్టర్స్: విశాఖ విద్యార్థికి ఏ దారి మేలు?

ఫార్మ్-డి, బీఎస్సీ నర్సింగ్, బీడీఎస్, ఫిజియోథెరపీ చదివినవాళ్లు ఒకవైపు, కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసి మామూలు ఐటీ ఉద్యోగం కాకుండా వేరే దారి వెతుక్కుంటున్నవాళ్లు ఇంకోవైపు. విశాఖలో ఈ ఇద్దరూ ఇప్పుడు హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ దగ్గర కలుస్తున్నారు. ద్వారకానగర్‌లో విదేశీ చదువుల కన్సల్టెన్సీకి వెళ్తే ఈ కోర్సు పేరు వినబడుతుంది. అమెరికా అయితే జీతం బాగుంటుందంటారు ఒకరు, యూకేలో ఏడాదిలో అయిపోతుందంటారు ఇంకొకరు, జర్మనీలో ఫీజు తక్కువంటారు మరొకరు. ఇంట్లోవాళ్లకు ఇది డాక్టరు చదువో కంప్యూటరు చదువో తెలియదు. కానీ బ్యాంకులో సంతకం పెట్టాల్సింది వాళ్లే, తాకట్టు పెట్టాల్సింది వాళ్ల ఫ్లాటే. అందుకని దేశాల పేర్లు కాసేపు పక్కన పెట్టి, దేన్ని బట్టి ఎంచుకోవాలో ముందు చూద్దాం.

ఈ చదువులో ఏముంటుంది

ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో కేజీహెచ్‌కు వచ్చే మనిషిని తీసుకోండి. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష ఊరి దగ్గర పీహెచ్‌సీలో ఒకసారి, పలాస ఆసుపత్రిలో ఒకసారి, విశాఖలో ఇంకోసారి చేస్తారు. ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు. ఒకటి పోయిందంటే జబ్బు చరిత్రలో ఆ ముక్క పోయినట్టే. ఆ అంకెలన్నీ ఏళ్ల వరుసలో డాక్టరు ముందు ఒకే తెరమీద కనబడేలా చేయడం, వేలమంది వివరాలు కలిపి చూసి జబ్బు ఏ ఊళ్లలో ముదురుతోందో పట్టుకోవడం, ఆ వివరాలు సంబంధం లేనివాళ్ల కంట పడకుండా కాపాడటం, ఈ మూడూ ఈ రంగం పనులే. వైద్యం, కంప్యూటరు, చట్టం మూడూ కొంచెం కొంచెం తెలిసుండాలి.

దీన్ని మెడికల్ కోడింగ్ అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. డాక్టరు రాసినదాన్ని జబ్బులకు ఐసీడీ-10, చికిత్సలకు సీపీటీ కోడ్లలోకి మార్చి అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు బిల్లు వెళ్లేలా చేయడం కోడింగ్. దానికి కొన్ని నెలల శిక్షణ, సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష ఉంటే చాలు, మాస్టర్స్ అక్కర్లేదు. బయోఇన్ఫర్మేటిక్స్ మరీ వేరు, అది జన్యువుల సమాచారం గురించి. హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ మాత్రం దగ్గరి చుట్టమే. రికార్డుల నాణ్యత, నిల్వ, వాటి చట్టాల మీద అందులో బరువెక్కువ, ప్రోగ్రామింగ్ తక్కువ.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

నా దృష్టిలో మిగతావాటన్నిటికన్నా ముందు రావాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ దేశం ఆసుపత్రుల కోసం పనిచేయబోతున్నారు? మామూలు సాఫ్ట్‌వేర్ చదువులో ఈ ప్రశ్న పెద్దగా రాదు. జావా ఎక్కడ నేర్చుకున్నా జావానే. హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ మాత్రం ఆయా దేశం వైద్య వ్యవస్థకు కట్టుబడి ఉంటుంది. అమెరికాలో చదివితే రోగుల వివరాల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం, ఎలక్ట్రానిక్ రికార్డులను ఆసుపత్రుల్లోకి తెచ్చిన 2009 నాటి హైటెక్ చట్టం, ప్రైవేటు ఇన్సూరెన్స్ బిల్లుల లెక్కలు వస్తాయి. ఇక్కడైతే 2021 సెప్టెంబరు 27న మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, ప్రతి మనిషి ఆరోగ్య ఖాతాకు ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు, ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు 2016 నాటి ఈహెచ్ఆర్ ప్రమాణాలు, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం. అమెరికా క్లెయిముల్లో ఎంత పట్టు సాధించినా ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆసుపత్రిలో అది నేరుగా పనికిరాదు.

అన్నిచోట్లా పనికొచ్చేవీ కొన్ని ఉన్నాయి. జబ్బుల పేర్లకు స్నోమెడ్ సీటీ, ల్యాబ్ పరీక్షలకు లాయింక్, స్కాన్ చిత్రాలకు డైకామ్, వ్యవస్థల మధ్య సమాచారం మార్చుకోవడానికి ఫైర్ అనే ప్రమాణం. వీటితోపాటు డేటాబేస్ నుంచి సమాచారం బయటకు తీసే ఎస్‌క్యూఎల్ భాష, గణాంకాలు గట్టిగా నేర్పే కోర్సయితే దేశం మారినా చేతిలో పని ఉంటుంది. సిలబస్‌లో ఇవి ఎంత భాగమో లెక్కపెట్టుకోండి.

ఇంకా చూడాల్సినవి: మీ మొదటి డిగ్రీ వైద్యం వైపుదా, ఇంజినీరింగ్ వైపుదా. చదువయ్యాక ఆ దేశంలో ఎంతకాలం పనిచేయనిస్తారు. అనుకున్న ఉద్యోగం రాకపోతే అప్పు ఎలా తీరుతుంది. కోర్సులో భాగంగా నిజమైన ఆసుపత్రిలో పని ఉందా, లేక క్లాసురూముతోనే సరిపెడతారా. ఈ చివరిదాని గురించి అడిగేవాళ్లు తక్కువ. ఉద్యోగ ఇంటర్వ్యూలో మొదట వచ్చేది మాత్రం అదే.

| దారి | కాలం | డబ్బు భారం | తర్వాత పనికి అవకాశం |
|---|---|---|---|
| అమెరికా ఎంఎస్ | ఏడాదిన్నర నుంచి రెండేళ్లు | అన్నిటికన్నా ఎక్కువ | ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సయితే మరో 24 |
| యూకే ఎమ్మెస్సీ | ఏడాది | ఎక్కువే, కానీ ఒక ఏడాదిదే | గ్రాడ్యుయేట్ రూట్ వీసా |
| జర్మనీ మాస్టర్స్ | సుమారు రెండేళ్లు | ఫీజు తక్కువ, ముందే డబ్బు చూపాలి | ఉద్యోగం వెతకడానికి 18 నెలలు |
| మన దేశంలో మాస్టర్స్ | రెండేళ్లు | మధ్యస్థం | వీసా బాధ లేదు, మొదటి జీతం తక్కువ |
| ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్ | రెండు, మూడేళ్లు పైగా | అన్నిటికన్నా తక్కువ | ఉన్న ఉద్యోగంలోనే ఎదుగుదల |

అమెరికా

కోర్సుల సంఖ్యలోనూ, ఈ చదువుకు విడిగా ఉద్యోగాలు ఉండటంలోనూ అమెరికాదే పైచేయి. మిషిగన్ యూనివర్సిటీలో సమాచార శాస్త్రం, ప్రజారోగ్యం రెండు స్కూళ్లూ కలిసి ఈ డిగ్రీ నడుపుతాయి. ఇండియానా యూనివర్సిటీ ఇండియానాపోలిస్, డ్రెక్సెల్, జార్జ్ మేసన్ లాంటి చోట్లా కోర్సులున్నాయి. కోర్సుకు సీఏహెచ్ఐఐఎం అనే సంస్థ గుర్తింపు ఉందేమో చూడండి. ఈ రంగం మాస్టర్స్‌కు గుర్తింపు ఇచ్చేది ఆ సంస్థే.

మనవాళ్లు చూడకుండా వదిలేసే విషయం సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ విభాగం కిందికి వస్తుందో చెప్పే అమెరికా అంకె. హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ అనే పేరున్న ప్రతి కోర్సూ స్టెమ్ కిందికి రాదు. మెడికల్ ఇన్ఫర్మేటిక్స్‌కు ఇచ్చే 51.2706 కోడ్ స్టెమ్ జాబితాలో ఉంది. కానీ ఒక యూనివర్సిటీ తన కోర్సును ఈ కోడ్ కింద పెడితే, ఇంకో యూనివర్సిటీ దాదాపు అదే సిలబస్‌ను రికార్డుల నిర్వహణ కోడ్ కింద పెట్టొచ్చు. తేడా చిన్నదేమీ కాదు. ఒకరికి మూడేళ్లు పనిచేసే వీలుంటుంది, ఇంకొకరికి ఏడాదే. విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఈ కోడ్ ఉంటుంది. అది వచ్చేదాకా ఆగకుండా అప్లై చేయకముందే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి.

అమెరికా వర్క్ వీసా హెచ్-1బీ లాటరీ సంగతి అందరికీ తెలిసిందే. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము అంటూ అధ్యక్షుడి ఉత్తర్వు రావడంతో టెన్షన్ ఇంకా పెరిగింది. అయితే ఈ రంగానికి ఒక వెసులుబాటు ఉంది. యూనివర్సిటీలకూ, వాటికి అనుబంధంగా లాభాపేక్ష లేకుండా నడిచే ఆసుపత్రులకూ ఆ లాటరీ పరిమితి వర్తించదు. అలాంటి ఆసుపత్రుల్లో ఎలక్ట్రానిక్ రికార్డుల టీములు, క్వాలిటీ విభాగాలు, పరిశోధన డేటా విభాగాలు ఉంటాయి. కాబట్టి పెద్ద బోధనాసుపత్రిని ఆనుకుని ఉన్న యూనివర్సిటీలో సీటు దొరికితే, ర్యాంకింగులో కాస్త వెనకున్నా దానికే నేను మొగ్గు చూపుతాను. అక్కడ ఇంటర్న్‌షిప్ దొరికితే అదే ఉద్యోగానికి దారి కావచ్చు.

డబ్బు విషయం దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ఐ-20 మీద ఏడాది ఫీజు, ఉండటానికయ్యే ఖర్చు రెండూ వేసి ఉంటాయి. కన్సల్టెన్సీ నోటిమాట కాకుండా ఆ అంకెను పట్టుకుని రూపాయల్లో లెక్క వేయండి. కోర్సు రెండేళ్లలోకి వెళ్తే దానికి తగ్గట్టు పెంచండి. ప్రభుత్వ బ్యాంకుల మామూలు విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. అమెరికా చదువు ఆ మొత్తం దగ్గర ఆగదు. తర్వాత ఒక కఠినమైన లెక్క వేయండి. ఓపీటీ మొదటి ఏడాది ఉద్యోగం రాక తిరిగి విశాఖ వచ్చేస్తే, ఇక్కడి జీతంతో ఈ ఈఎంఐ కట్టగలమా? ఇంట్లో అందరూ కూర్చుని దీనికి జవాబు చెప్పుకోకుండా సంతకం పెట్టొద్దు.

యూకే

యూకే బలం ఏడాదిలో పూర్తికావడం. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఈ రంగానికి ప్రత్యేక ఇన్‌స్టిట్యూట్ ఉంది. వేల్స్‌లోని స్వాన్సీలోనూ కోర్సు ఉంది. వైద్యం ఎక్కువగా ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవ ద్వారానే జరగడంతో జనాభా స్థాయి ఆరోగ్య డేటా మీద అక్కడ మంచి పరిశోధన జరుగుతుంది. ప్రజారోగ్యం మీద మనసున్నవాళ్లకు చదువుగా ఇది నాకు నచ్చిన ఎంపిక.

ఉద్యోగం సంగతి వేరు. చదువయ్యాక అక్కడే ఉండి పనిచేయనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు 18 నెలలే. ఇప్పుడు అప్లై చేసేవాళ్లు తమ కోర్సు ముగిసే నెలను ఈ తేదీతో సరిచూసుకోవాలి. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు సరిపడే జీతమిచ్చే యజమాని దొరకాలి. ఆసుపత్రి అనుభవం లేకుండా నేరుగా డిగ్రీ నుంచి వెళ్లినవాళ్లకు ఏడాదిలో చదువు, ఉద్యోగ వేట రెండూ కలిసి ఊపిరాడనివ్వవు. మూడు, నాలుగేళ్లు వార్డులో పనిచేసిన నర్సులకు ఇక్కడ వెసులుబాటు ఎక్కువ.

జర్మనీ

బవేరియాలోని డెగెన్‌డార్ఫ్ టెక్నికల్ యూనివర్సిటీ తన ఫార్‌కిర్షెన్ క్యాంపస్‌లో మెడికల్ ఇన్ఫర్మేటిక్స్ మాస్టర్స్ నడుపుతోంది. వెళ్లేముందు మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే ఏపీఎస్ పరిశీలన తప్పనిసరి. వీసాకు ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో వేయాలి. ఈ మొత్తం ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు. తరగతులు ఇంగ్లిష్‌లో జరిగినా, అక్కడి కేస్ షీట్లు, డాక్టర్లు, నర్సులు అంతా జర్మన్‌లోనే. ఆసుపత్రుల్లో పని కావాలంటే భాష బీ2 స్థాయికి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే దశకు రావాలి. బీటెక్ వాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల వైపు వెళ్లగలరు కాబట్టి కొంత నెట్టుకు రావచ్చు. భాష మీద ఏడాది పెట్టే ఓపిక లేనివాళ్లకు ఈ దారి చెప్పను.

మన దేశంలో

ఇక్కడ చదవడం రెండో మెట్టు అన్న అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. మన దేశంలోనే పనిచేయాలనుకున్నవాళ్లకు ఇదే సరైన దారి. మణిపాల్‌లో హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీ ఉంది. ఢిల్లీ ఐఐహెచ్‌ఎంఆర్‌లో హాస్పిటల్, హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీడీఎంలో హెల్త్ ఐటీని ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. డేటాకన్నా ప్రజారోగ్య విధానాల వైపు మొగ్గు ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రజారోగ్య మాస్టర్స్ ఎంపీహెచ్ ఆలోచించదగ్గది. బీటెక్ వాళ్లకు ఇంకో మార్గం ఉంది. ఆంధ్ర యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలోనో మరోచోటో గేట్‌తో ఎంటెక్‌లో చేరి, థీసిస్ మాత్రం ఆసుపత్రి డేటా మీద చేయడం. డిగ్రీ మీద హెల్త్ అన్న మాట ఉండదు. అయినా చేసిన పని చూపించుకోవచ్చు, ఒకవేళ ఈ రంగం నచ్చకపోతే మిగతా ఐటీ తలుపులూ తెరిచే ఉంటాయి.

పని ఎక్కడ దొరుకుతుంది? కార్పొరేట్ ఆసుపత్రుల ఐటీ విభాగాలు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ సంస్థలు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలు. హైదరాబాద్‌లో ఆప్టమ్ లాంటి అమెరికన్ కంపెనీల కేంద్రాలున్నాయి. అక్కడ కూర్చుని పనిచేసేది అమెరికా డేటా మీదే. అమెరికా వ్యవస్థ తెలిసి ఇక్కడే ఉండాలనుకునేవాళ్లకు అవి సరిపోతాయి. విశాఖ వరకు చూస్తే కేజీహెచ్, విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీ, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, మెడ్‌టెక్ జోన్ ఉన్నాయి. ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు పనికి ఇన్ని రకాల సంస్థలు ఒకే ఊళ్లో ఉండటం మనకు కలిసొచ్చే విషయం. కానీ ఈ డిగ్రీ పేరుతో పోస్టులు ఊళ్లోనే వరసగా దొరుకుతాయని ఆశపెట్టుకోవద్దు. మొదటి ఉద్యోగానికి హైదరాబాద్ లేదా బెంగళూరు వెళ్లడానికి సిద్ధపడాలి. మొదటి జీతం కూడా అదే వయసు సాఫ్ట్‌వేర్ వాళ్లకన్నా తక్కువ ఉండొచ్చు. ఇది తెలిసే చేరండి.

ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్

జార్జియా టెక్ 2014 నుంచి నడుపుతున్న ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో హెల్త్ ఇన్ఫర్మేటిక్స్ పరిచయ కోర్సు ఒకటి ఉంది. అందులో విద్యార్థులు ఫైర్ ప్రమాణం మీద నేరుగా పనిచేస్తారు. అమెరికా వెళ్లి చదివే ఖర్చుతో పోలిస్తే దీని ఫీజు చాలా చిన్నది. కానీ ఇది కంప్యూటర్ సైన్స్ డిగ్రీ. ప్రోగ్రామింగ్ పునాది లేని ఫార్మసీ, నర్సింగ్ వాళ్లు నేరుగా దూకితే కష్టపడతారు. ఏ ఆన్‌లైన్ డిగ్రీ తీసుకున్నా, ప్రభుత్వ ఉద్యోగం ఆశ ఉంటే యూజీసీ గుర్తింపు, విదేశీ డిగ్రీకి సమానత సంగతి ముందే తేల్చుకోవాలి. ఆన్‌లైన్ చదువుతో వర్క్ వీసా రాదు, అది కూడా ఇంట్లో స్పష్టంగా చెప్పండి.

ఎవరికి ఏది

ఫార్మ్-డి వాళ్లకు మందుల పరిజ్ఞానం ఉంది, వార్డు తిరిగిన అనుభవం ఉంది. కొరత సాంకేతికం దగ్గరే. ఎస్‌క్యూఎల్, గణాంకాలు గట్టిగా నేర్పే కోర్సు తీసుకోవాలి, మేనేజ్‌మెంట్ సబ్జెక్టులు నిండిన కోర్సు కాదు. అప్పు చేయలేనివాళ్లు ముందు మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్‌లోనో క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్‌లోనో రెండేళ్లు పనిచేసి, ఆ తర్వాత నిర్ణయించుకోవడం మంచిది. ఆ అనుభవం అడ్మిషన్‌లోనూ బరువు పెంచుతుంది.

బీటెక్ వాళ్లది సరిగ్గా తిరగేసిన పరిస్థితి. కోడ్ రాయగలరు, కానీ డిశ్చార్జ్ సమ్మరీ ఎప్పుడూ చదివి ఉండరు. కోర్సులో ఆసుపత్రి పని లేకపోతే, వీళ్లకు ఆ డిగ్రీ కొత్తగా ఇచ్చేది తక్కువ. మంచి కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ సీటు చేతిలో ఉండి, ఆరోగ్య రంగం మీద ఆసక్తి కొద్దిగానే ఉంటే, కంప్యూటర్ సైన్స్‌నే తీసుకోండి. ఆసక్తి నిజంగా లోతుగా ఉంటేనే ఇటు రండి.

ఎంబీబీఎస్, బీడీఎస్ చేసినవాళ్లు ప్రాక్టీసు పూర్తిగా వదిలేయాలా అన్నది వాళ్ల పెద్ద ప్రశ్న. డాక్టర్లు వదలకుండా పార్ట్‌టైమ్‌గా నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. ఆసుపత్రిలో సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు డాక్టర్ల మాటా ఇంజినీర్ల మాటా రెండూ అర్థమయ్యే మనిషి కోసం వెతుకుతారు. స్టెత్ పూర్తిగా దించేస్తే ఆ విలువ సగం పోతుంది.

ఇంటి బాధ్యతలో, పిల్లల చదువులో, వయసు మీదపడిన తల్లిదండ్రులో ఉండి ఊరు కదలలేనివాళ్లకు ఆన్‌లైన్ చదువు, ఇప్పుడున్న ఆసుపత్రిలోనే రికార్డుల విభాగానికో క్వాలిటీ విభాగానికో మారడం, రెండూ కలిపి నడపడం సరిపోతుంది. ఈ దారిలో వెళ్లేవాళ్లను తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోవద్దు.

డబ్బు కట్టకముందు ఒక పరీక్ష

ఫీజు కట్టకముందు కొన్ని వారాలు ఈ పని చేతులతో చేసి చూడండి. పెద్దగా ఖర్చు కాదు. సింథియా అనే ఉచిత ప్రోగ్రాం నిజం రోగులు కాకుండా కల్పిత రోగుల రికార్డులు తయారుచేసి ఇస్తుంది. వాటిని డేటాబేస్‌లో వేసి, మధుమేహం ఉండి ఏడాదిగా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్ష చేయించుకోనివాళ్లు ఎవరో ఎస్‌క్యూఎల్‌తో బయటకు తీయండి. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గ్రామీణ ఆసుపత్రి అవసరం నుంచి పుట్టిన బామ్నీ అనే ఓపెన్ సోర్స్ హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌ను చూడండి. ఓపీ చీటీ దగ్గర మొదలైన రోగి వివరం డాక్టరు గది, ల్యాబ్, మందుల కౌంటరు దాటి ఎలా వెళ్తుందో అర్థమవుతుంది. తెలిసిన ఆసుపత్రి ఉంటే అనుమతి తీసుకుని మెడికల్ రికార్డ్స్ విభాగంలో కొన్నాళ్లు కూర్చోండి. పేరు ఒకే మనిషికి మూడు రకాలుగా పడటం, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రావడం, వయసు ప్రతిసారీ మారడం, ఇలాంటివి చూస్తారు. వాటిని సరిచేయాలని చేతులు దురదపెడితే ఈ రంగం మీకు నప్పుతుంది. విసుగొస్తే ఆ సంగతి అప్పు తీసుకోకముందే తెలిసింది కదా.

కన్సల్టెన్సీకి వెళ్లినప్పుడు

యూనివర్సిటీల నుంచి కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీలు తమకు ఒప్పందం ఉన్న పేర్లే ముందు చెబుతాయి. కాబట్టి కోర్సుల జాబితా మీరే తయారుచేసుకుని వెళ్లండి. ప్రతి కోర్సుకూ, ఆ యూనివర్సిటీ వాళ్లనే ఇవి అడగండి: సీఐపీ కోడ్ ఎంత, గత బ్యాచ్ వాళ్లు ఏ ఆసుపత్రుల్లో ప్రాక్టికమ్ (కోర్సులో భాగమైన ఆసుపత్రి పని) చేశారు, అది యూనివర్సిటీ చూపిస్తుందా లేక విద్యార్థే వెతుక్కోవాలా, విదేశీ విద్యార్థులను రోగుల డేటా ముట్టుకోనిస్తారా. తర్వాత అదే కోర్సు రెండేళ్ల క్రితం పూర్తిచేసిన తెలుగువాళ్లను లింక్డిన్‌లో వెతికి పలకరించండి. జీతం ఎంతని మొదటే అడగొద్దు, ఇబ్బందిపడతారు. ఇప్పుడు రోజూ చేసే పని ఏమిటి, దానికి కోర్సులో నేర్చుకున్నది ఎంత పనికొచ్చింది అని అడగండి. ఆ కోర్సు వాళ్లలో ఎక్కువమంది ఆరోగ్య రంగంలో కాకుండా మామూలు డేటా ఉద్యోగాల్లో తేలారని తెలిస్తే, ఆ పేరును జాబితాలో కిందికి దించి తర్వాతి కోర్సు చూడండి.